గోథమ్‌కు తరువాతి శత్రువు ఎవరు?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2022లో వచ్చిన ‘ది బ్యాట్‌మన్’ చిత్రానికి రెండో భాగాన్ని 2027 అక్టోబరు 1న విడుదల చేస్తామని నిర్మాతలు ప్రకటించినప్పటి నుంచి, ఆ చిత్రంలో ప్రతినాయకుడు ఎవరైతే బాగుంటుందన్న చర్చ మన పాఠకుల్లోనూ జోరుగా సాగుతోంది. ఈసారి విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని మీదే ఉండడంతో, ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాం. మొదటి చిత్రం ముగింపును ప్రస్తావించకుండా జవాబులు చెప్పడం సాధ్యం కాదు కనుక, దానిని ఇంకా చూడనివారు చూసిన తరువాతే ఈ పుట చదవడం మంచిది.

ప్రశ్న: మా హాస్టల్లో ఈ విషయం మీద మూడు వర్గాలు ఏర్పడ్డాయి. జోకర్ లేని బ్యాట్‌మన్ ఎందుకని కొందరు, మిస్టర్ ఫ్రీజ్‌కు ఇప్పటికైనా న్యాయం జరగాలని కొందరు, టూ-ఫేస్ రావలసిందేనని మిగతావారు పట్టుబడుతున్నారు. మీరైతే ఎవరిని ఎంచుకుంటారు? ఎందుకు ఎంచుకుంటారు?
(ఇంజినీరింగ్ విద్యార్థి, కానూరు, విజయవాడ)

జవాబు: ఎవరికి పేరు ఎక్కువ, ఎవరి వేషం తెర మీద నిండుగా కనిపిస్తుంది అన్న ప్రశ్నల కంటే ముందు, గత చిత్రం కథానాయకుణ్ణి ఏ స్థితిలో వదిలిపెట్టిందో చూడాలని నా అభిప్రాయం. ఆ చిత్రం మొదట్లో, బ్యాట్‌మన్ ముసుగు వేసుకునే బ్రూస్ వేన్ తనను తాను ప్రతీకారంగా చెప్పుకుంటూ రాత్రివేళ వీధుల్లో తిరిగాడు. ప్రతినాయకుడైన రిడ్లర్ నగర మేయరును, పోలీసు కమిషనరును, జిల్లా అటార్నీని ఒకరి తరువాత ఒకరిగా చంపి, చివరకు సముద్రపు కట్టను పేల్చి గోథమ్ నగరాన్ని ముంచాడు. ఆ రాత్రి పట్టుబడిన రిడ్లర్ అనుచరుణ్ణి నువ్వెవరివని అడిగితే, అతడు కూడా ‘నేను ప్రతీకారాన్ని’ అనే జవాబు చెప్పాడు. తన మాటను శత్రువు నోట విన్నప్పుడే బ్యాట్‌మన్‌కు తాను నడిచిన దారి ఎటు పోతుందో అర్థమైంది. అందుకే చీకట్లో ఎర్రని మంట వెలిగించి, నీళ్లలో చిక్కుకున్న జనాన్ని బయటకు నడిపించాడు. జనాన్ని భయపెట్టే మనిషిగా మొదలై, జనానికి ధైర్యమిచ్చే మనిషిగా కథ ముగించాడు. రెండో భాగంలో వచ్చే ప్రతినాయకుడు ఈ మార్పును పరీక్షించగలవాడై ఉండాలి. అతడు ఎంత బలవంతుడన్నది తరువాతి సంగతి.

ఆ పరీక్షకు కావలసిన మనిషిని మొదటి చిత్రమే సిద్ధం చేసి పెట్టింది. బ్రూస్ తండ్రి థామస్ వేన్ మేయరు పదవికి పోటీ చేస్తున్న రోజుల్లో, ఆయన భార్య మార్తా పుట్టింటివారి మానసిక వ్యాధి చరిత్రను ఎడ్వర్డ్ ఎలియట్ అనే విలేకరి బయటపెట్టబోయాడు. థామస్ డబ్బు ఇవ్వజూపాడు. విలేకరి లొంగలేదు. అప్పుడు థామస్ ఫాల్కోనీ అనే ముఠా నాయకుణ్ణి ఆశ్రయించగా, ఫాల్కోనీ ఆ విలేకరిని చంపేశాడు. థామస్ బెదిరించమన్నాడే తప్ప చంపమనలేదని, జరిగింది తెలిశాక పోలీసులకు చెప్పేయాలని నిశ్చయించుకున్నాడని వేన్ ఇంటి సహాయకుడు ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పడంతో బ్రూస్ మనసు కుదుటపడింది. తండ్రి మీద కొడుక్కి గౌరవం తిరిగి వచ్చింది. కానీ ఆ ఎలియట్ ఇంటివారు ఏమయ్యారు? వారికి క్షమాపణ ఎవరు చెప్పారు? చిత్రం ఈ మాట ఎత్తలేదు, బ్రూస్ కూడా ఎత్తలేదు.

కామిక్స్‌లో ‘హష్’ అనే ప్రతినాయకుడి అసలు పేరు థామస్ ఎలియట్. అతణ్ణి ఆ విలేకరి కొడుకుగా మలచి, రెండో భాగంలో ముఖ్య ప్రతినాయకుడిగా నిలబెట్టాలని నేను కోరుకుంటున్నాను. ఇంతవరకు బ్యాట్‌మన్ ఇతరుల నేరాలకే శిక్ష వేశాడు. తన ఇంటి నేరానికి లెక్క అడిగే మనిషి ఎదుట నిలిచినప్పుడు, ప్రతీకారం తప్పని అతనికి చెప్పడానికి బ్రూస్‌కు ఏ అర్హత ఉంది? అతడు కోరుతున్న సత్యాన్ని బయటపెడితే తండ్రి పేరు పోతుంది, దాచిపెడితే తాను మారానన్న మాట అబద్ధమవుతుంది. జోకర్, ఫ్రీజ్, టూ-ఫేస్‌లలో ఎవ్వరూ బ్రూస్‌ను ఇంత ఇరుకున పెట్టలేరు. మీ మూడు వర్గాలకూ నా జవాబు రుచించకపోవచ్చు గానీ, రిడ్లర్ కథ ముగిసిన చోటు నుంచి ఆలోచిస్తే మీరూ ఇక్కడికే వస్తారని నమ్ముతున్నాను.

ప్రశ్న: హష్‌ను విలేకరి కొడుకుగా మార్చాలని చాలామంది అభిమానులు అంటున్నారు. చిన్ననాటి నుంచి కామిక్స్ చదువుతున్న నాకు ఇది అన్యాయంగా తోస్తోంది. అసలు కథలో అతడు బ్రూస్ బాల్యమిత్రుడు, అతని ద్వేషానికి కారణం వేరు. ఉన్న పాత్రను చెరపడం కంటే, గోథమ్‌ను తరతరాలుగా చాటు నుంచి ఏలుతున్న ‘కోర్ట్ ఆఫ్ అవుల్స్’ అనే రహస్య సంఘాన్ని తీసుకోవడం మేలు కాదా?
(కామిక్స్ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీ అభ్యంతరం తేలికగా తీసిపారేయదగినది కాదు. జెఫ్ లోబ్ రాయగా జిమ్ లీ బొమ్మలు గీసిన 2002-2003 నాటి పన్నెండు సంచికల కథలో, టామీ ఎలియట్ ఆస్తి కోసం చిన్నతనంలోనే తల్లిదండ్రుల కారు బ్రేకులు కోసేస్తాడు. తండ్రి చనిపోతాడు. వైద్యుడైన థామస్ వేన్ శస్త్రచికిత్స చేసి తల్లిని బతికిస్తాడు. తనకు రావలసిన ఆస్తి, స్వేచ్ఛ వేన్ కుటుంబం వల్లే దక్కలేదని టామీ పెంచుకున్న కక్ష అతణ్ణి హష్‌గా మార్చింది. కథ బాగా నడుస్తుంది. అయితే కథానాయకుడి వైపు నుంచి చూడండి. అసూయతో రగిలే మనిషికి బ్రూస్ చెప్పవలసిన సమాధానం ఏదీ లేదు, అతణ్ణి పట్టుకుని జైలుకు పంపితే సరిపోతుంది. అదే మనిషి న్యాయమైన ఫిర్యాదుతో వస్తే, జైలుకు పంపిన తరువాత కూడా ఫిర్యాదు అలాగే మిగిలిపోతుంది.

పాత్రకు కారణాన్ని మార్చడం పాత్రను చెరపడమే అవుతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. మిస్టర్ ఫ్రీజ్ 1959లో మిస్టర్ జీరో అన్న పేరుతో, మంచు తుపాకీ పట్టుకున్న మామూలు దొంగగా పుట్టాడు. 1992లో టెలివిజన్ యానిమేషన్ ధారావాహికలో రచయిత పాల్ డీని అతనికి మరణించబోతున్న నోరా అనే భార్యను ఇచ్చిన తరువాత, కామిక్స్ కూడా ఆ కథనే స్వీకరించాయి. ఈ రోజు నోరా లేని ఫ్రీజ్‌ను ఊహించుకునే అభిమాని లేడు. 1948లో పొడుపు కథలు వేసే సరదా దొంగగా వచ్చిన రిడ్లర్‌ను 2022 చిత్రం అనాథాశ్రమంలో పెరిగి నగరం చేతిలో మోసపోయిన మనిషిగా మార్చింది కదా! హష్‌లో మార్చకూడనివి మూడు ఉన్నాయి: బాల్యస్నేహం, శస్త్రచికిత్స చేసే అతని వైద్యుడి చేయి, ముఖానికి చుట్టుకున్న కట్లు. అవి ఉన్నంతవరకు కారణాన్ని మార్చినా అతడు హష్‌గానే ఉంటాడు. ఇంకొక మాట కూడా చెప్పాలి. బాల్యమిత్రుడు కావడం, ఆ విలేకరి కొడుకు కావడం ఒకదానికొకటి అడ్డు కాదు. ఆ నేరం జరిగిన తరువాత కూడా ఆ ఇద్దరు పిల్లలు కలిసి ఆడుకున్నారని చెబితే కథ మరింత బరువెక్కుతుంది.

కోర్ట్ ఆఫ్ అవుల్స్ విషయానికి వస్తే, 2011లో స్కాట్ స్నైడర్ రచనలో, గ్రెగ్ కపుల్లో చిత్రాలతో మొదలైన ఆ కథను నేను ఎంతో ఇష్టంగా చదివాను. కానీ నగరాన్ని పైకి కనిపించే నాయకులు కాక చాటున ఉన్న ధనవంతులు, ముఠాలు నడుపుతున్నారన్న విషయాన్ని మొదటి చిత్రం ఇప్పటికే మూడు గంటల సేపు చెప్పింది. దానినే గుడ్లగూబ ముసుగులతో మళ్లీ చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆ సంఘం తన హంతకులను సర్కసులో పెరిగే పిల్లల్లోంచి ఎంచుకుంటుంది, సర్కసులోనే పెరిగి బ్యాట్‌మన్‌కు తోడుగా వచ్చే రాబిన్ కథతో అక్కడే దానికి ముడి పడుతుంది. రాబిన్ వచ్చే రోజున ఆ సంఘమూ రావాలి.

ప్రశ్న: ఒక్క చిత్రంలో ముగ్గురు విలన్లు ఉంటే ఆ చిత్రం పోయినట్లేనని మా అన్నయ్య ఘంటాపథంగా చెబుతాడు. ఎక్కువమంది ఉంటే చూడడానికి నిండుగా ఉంటుందని నా వాదన. ఎవరిది సరైనది?
(డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీ అన్నయ్యగారి మాటకు ఆధారాలు ఉన్నాయి గానీ, లెక్క ఒక్కటే కారణం కాదు. 1997 నాటి ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’లో మిస్టర్ ఫ్రీజ్, పాయిజన్ ఐవీ, బేన్ ముగ్గురూ ఉన్నారు. ఐవీకి మొక్కలు కావాలి, ఫ్రీజ్‌కు భార్య ప్రాణం కావాలి, బేన్‌ను నోరులేని అంగరక్షకుడిగా మిగిల్చారు. ముగ్గురి కోరికలూ ఒక్కచోట కలవలేదు. ఆ చిత్రం తరువాత మరో బ్యాట్‌మన్ చిత్రం రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. 2007 నాటి ‘స్పైడర్‌మన్ 3’ది కొంచెం వేరు కథ. అది వసూళ్లు బాగానే రాబట్టింది, కానీ జబ్బుపడిన కూతురి కోసం దొంగతనాలు చేసే శాండ్‌మన్ కథ కుదురుకుంటున్నంతలో వెనమ్ అనే మరో విలన్ వచ్చి పడడంతో ఇద్దరికీ చోటు చాలలేదు. దర్శకుడు సామ్ రైమీ మనసు శాండ్‌మన్ మీద ఉండగా, నిర్మాతల ప్రోద్బలంతో వెనమ్ చేరాడన్న సంగతి అభిమానులందరికీ తెలిసిందే. శాండ్‌మన్ ఇసుక రేణువుల్లోంచి మెల్లగా లేచి నిలబడే ఆ దృశ్యాన్ని చూసినప్పుడల్లా, ఆ పాత్రకు పూర్తి చిత్రం దక్కి ఉంటే ఎంత బాగుండేదోనని నాకు బాధ కలుగుతుంది.

ఇక మీ వాదనకు బలమిచ్చే ఉదాహరణ 2021 నాటి ‘స్పైడర్‌మన్: నో వే హోమ్’. అందులో ఏకంగా ఐదుగురు ఉన్నారు. అయినా కథ చెదరలేదు, ఎందుకంటే వారందరి చుట్టూ ఉన్న ప్రశ్న ఒక్కటే: వీరిని వారి వారి చావుకు తిరిగి పంపించాలా, లేక నయం చేసి పంపించాలా? 2008 నాటి ‘ది డార్క్ నైట్’లో జోకర్, టూ-ఫేస్ ఇద్దరున్నా, మొదటివాడి పథకమే రెండోవాణ్ణి తయారు చేసింది. 2005 చిత్రంలో స్కేర్‌క్రో తయారుచేసిన భయపు మందే ముఖ్య ప్రతినాయకుడు రాస్ అల్ గుల్ చేతిలో ఆయుధమైంది. ఎందరున్నా ఒకే దారానికి గుచ్చినట్లుంటే ప్రేక్షకుడు లెక్కపెట్టడు. కనుక మీ ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఓడిపోలేదు. అయినా ఈ రెండో భాగానికి మాత్రం ఒక ముఖ్య శత్రువు, అతని వెనుక రూపుదిద్దుకుంటున్న మరొకడు, అంతకు మించి వద్దని నా మాట.

ప్రశ్న: మా అమ్మాయిలతో కలిసి పాత చిత్రంలో మిస్టర్ ఫ్రీజ్‌ను చూశాను. వాళ్లు నవ్వుకున్నారు గానీ, భార్యను బతికించుకోవాలన్న ఆరాటం ఉన్న మనిషిని విలన్ అనడానికి నాకు మనసొప్పలేదు. అలాంటివాణ్ణి కొత్త చిత్రంలో చూపిస్తే జనం అతని పక్షాన చేరిపోరా?
(గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: చేరాలమ్మా, తప్పకుండా చేరాలి. ఆ పాత్ర గొప్పతనమంతా అక్కడే ఉంది. విక్టర్ ఫ్రైస్ అనే శాస్త్రవేత్త నయంకాని జబ్బుతో ఉన్న భార్యను, మందు దొరికేవరకు గడ్డకట్టించి కాపాడుకుందామనుకున్నాడు. ఖర్చు ఎక్కువవుతోందని సంస్థ యజమాని ఆ ప్రయోగాన్ని బలవంతంగా ఆపించాడు. ఆ పెనుగులాటలో మీద పడ్డ రసాయనాల వల్ల విక్టర్ గడ్డకట్టే చలిలో తప్ప బతకలేని మనిషిగా మారిపోయాడు. యానిమేషన్ కథలో అతడు ఆ యజమాని మీద పగ తీర్చుకోవడానికి బయలుదేరి, దారిలో అడ్డొచ్చినవారిని, చివరకు తన వెంట ఉన్న అనుచరుణ్ణి కూడా లెక్కచేయడు. అతని కోరిక తప్పు కాదు, ఆ ఒక్క ప్రాణం ముందు మిగతా ప్రాణాలన్నీ అతనికి చలనం లేని వస్తువులైపోవడం తప్పు. మీరు చూసిన 1997 చిత్రంలోనూ భార్య కథ ఉంది, కానీ మాటకొకసారి చలి మీద వేసిన చమత్కారాల మధ్య ఆ దుఃఖం నిలవలేకపోయింది. మీ అమ్మాయిలు నవ్వడంలో వారి తప్పేమీ లేదు.

ఇంత చెప్పి కూడా, రెండో భాగానికి ఫ్రీజ్ వద్దనే అంటాను. అతనికి అన్యాయం చేసింది ఒక సంస్థ యజమాని, బ్రూస్‌కు ఆ దుఃఖంలో వాటా లేదు. వేన్ సంస్థే ఆ ప్రయోగాన్ని ఆపించిందని కథ మారిస్తే ముడి పడుతుంది గానీ, అది ఎలియట్ కథనే మరో రూపంలో చెప్పినట్లవుతుంది. ఫ్రీజ్ భార్యాభర్తల కథ, అతనికి తనదైన చిత్రం ఒకటి పూర్తిగా దక్కాలి. ఇంకొకరి పక్కన రెండో శత్రువుగా అతణ్ణి ఇరికించడం మాత్రం ఎవరూ చేయవద్దు.

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. తెనాలి, గుంటూరు పరిషత్తుల్లో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. మా దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్‌లు పడేవి. మా మనవడు మురిసిపోయే ఈ ముసుగు దొంగల్లో అంతటి ధీరత్వం నాకు కనిపించడం లేదు. వీరిని ప్రతినాయకులని ఎలా అనగలం?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: గురువుగారికి నమస్కారాలు. పడక సీనులో కృష్ణుడి తలవైపు ఆసనం మీద దర్జాగా కూర్చున్న దుర్యోధనుణ్ణి చూసి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులకు ప్రతినాయకుడి విలువ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నాటి ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి. రామారావు గారు కృష్ణుడితో పాటు కర్ణుణ్ణి, దుర్యోధనుణ్ణి కూడా తానే ధరించారంటే, ఆ పాత్రల్లో ఎంత బలం చూసి ఉంటారో ఊహించవచ్చు. నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు గారికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చింది కీచకుడి వేషం. అదే విధంగా, 2008 నాటి ‘ది డార్క్ నైట్’లో జోకర్‌గా నటించిన హీత్ లెడ్జర్‌కు ఆయన మరణానంతరం ఆస్కార్ దక్కింది. దేశమేదైనా, ప్రతినాయకుడి పాత్ర నిండుగా ఉంటే నటుడి ప్రతిభ అందులో పూర్తిగా బయటపడుతుంది.

మీ ప్రశ్నలోనే నాకు కావలసిన ఆధారం ఉంది. పాండవులకు ఎదురు నిలిచినవారిలో మన మనసును ఎక్కువగా కలచివేసేవాడు కర్ణుడు. కుంతి దాచిన ఒక్క రహస్యం వల్ల అతనికి దక్కవలసిన స్థానం దక్కలేదు. ఆ తప్పు ధర్మరాజుది కాదు, అర్జునుడిది కాదు, వారి తల్లిది. యుద్ధం ముగిశాక, చనిపోయినవాడు తన అన్న అని తెలిసినప్పుడు ధర్మరాజుకు గెలిచిన రాజ్యం మీద రోత పుట్టింది. పెద్దల రహస్యం పిల్లలను శత్రువులుగా నిలబెట్టిన ఆ కథ ఎరిగిన మనకు, థామస్ వేన్ దాచిన నేరం నుంచి పుట్టుకొచ్చే శత్రువు పరాయివాడిగా తోచడు. అందుకే ఆ విలేకరి కొడుకు రావాలని ఇంతగా కోరుకుంటున్నాను. అయితే కర్ణుడికున్న దానగుణం, మాట మీద నిలబడే గుణం ఆ పాత్రకూ ఉండాలి. అతడు నిరపరాధులను చంపుతూ పోతే మన సానుభూతి వెంటనే ఆరిపోతుంది. అతడు కోరేది థామస్ వేన్ పేరును నగరం ముందు నిలదీయడం ఒక్కటే అయితే, మీ మనవడి పక్కన కూర్చుని చూసే మీకు కూడా అతనిలో ధీరత్వం కనిపిస్తుందని నా విశ్వాసం.

ప్రశ్న: గాంధీనగర్‌లోని ఒక పంపిణీ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఎన్ని చెప్పినా, జోకర్ పేరు పోస్టరు మీద ఉంటే తప్ప మామూలు ప్రేక్షకుడు టికెట్ కొనడని మావాళ్లందరి నమ్మకం. మీరేమంటారు?
(విజయవాడ)

జవాబు: 2008 నాటి ‘ది డార్క్ నైట్’, 2019లో వచ్చిన ‘జోకర్’ చెరో వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన మాట నిజం. కానీ ఆ ‘జోకర్’కే 2024లో వచ్చిన రెండో భాగం వసూళ్లలో దారుణంగా దెబ్బతింది. పోస్టరు మీద అదే పేరు, తెర మీద అదే నటుడు ఉన్నా జనం రాలేదు. పైగా ‘ది బ్యాట్‌మన్’ చివర్లో ఆర్కమ్ ఆసుపత్రి గదిలోంచి రిడ్లర్‌తో మాట్లాడి నవ్విన జోకర్‌ను అంతవరకే చూపించడం వల్ల అతని మీద కుతూహలం నిలిచి ఉంది. రెండో భాగంలో అతణ్ణి ఆ గదిలోనే ఉంచి, బ్యాట్‌మన్ సలహా కోసం ఒకసారి అతని దగ్గరకు వెళ్లేలా చేస్తే చాలు.

ప్రశ్న: ఎంతసేపూ అమెరికా హీరోల గురించేనా? మన ‘హనుమాన్’ రెండో భాగానికి ఎలాంటి విలన్ కావాలో కూడా చెప్పండి.
(భవానీపురం, విజయవాడ)

జవాబు: న్యాయమైన కోరిక. 2024 సంక్రాంతికి వచ్చిన ఆ చిత్రంలో ప్రతినాయకుడు మైఖేల్ పాత్ర నాకు నచ్చడానికి కారణం, అతడు కథానాయకుడు హనుమంతుకు సరిగ్గా తలకిందులు కావడమే. ఒకడికి అడగకుండానే శక్తి దక్కింది, ఇంకొకడు ఆ శక్తి కోసం చిన్నతనంలోనే కన్నవారిని కూడా పొట్టన పెట్టుకున్నాడు. రెండో భాగమైన ‘జై హనుమాన్’లో కథ దేవతా స్థాయికి చేరుతోంది కనుక, అంతకంటే బలవంతుడైన రాక్షసుణ్ణి తెస్తే చాలుననుకుంటే పొరపాటు. మొదటి చిత్రంలో హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటో, ఆ మాటను నిలుపుకోవడం కష్టమయ్యేలా చేయగల శత్రువు ఎవరో వెతకాలి. అంజనాద్రి గ్రామంలోని మామూలు మనుషులకు అందులో చోటు తగ్గకూడదు.

ప్రశ్న: న్యాయశాస్త్రం చదువుతున్నాను. మొదటి చిత్రంలో జిల్లా అటార్నీ కోల్సన్ చనిపోయాడు కాబట్టి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కామిక్స్‌లో జిల్లా అటార్నీగా ఉండి టూ-ఫేస్‌గా మారే హార్వీ డెంట్ రావడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంది? టూ-ఫేస్‌ను మూడో భాగం దాకా ఎందుకు ఆపాలి?
(విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: మీ పరిశీలన నన్ను ఎంతో సంతోషపెట్టింది. ఆ ఖాళీని గమనించినవారు తక్కువ. హార్వీ డెంట్ తప్పకుండా రెండో భాగంలోనే రావాలి. ఆగవలసింది టూ-ఫేస్ మాత్రమే. 1942లో పుట్టిన ఈ పాత్రకు వెండితెర మీద ఇంతవరకు పూర్తి న్యాయం జరగలేదు. 1995 చిత్రంలో అతడు ముఖం కాలిపోయిన స్థితిలోనే ప్రవేశించి, జిమ్ క్యారీ రిడ్లర్‌తో పోటీపడి కేకలు వేయడానికే పరిమితమయ్యాడు. 2008లో ఆరన్ ఎకార్ట్ డెంట్‌ను చాలా గౌరవంగా నటించినా, టూ-ఫేస్‌గా మారిన కొద్దిసేపటికే కథ ముగిసి, పాత్ర చనిపోయింది. అతని పతనాన్ని సావకాశంగా చెప్పిన కామిక్ కథ 1996-97 నాటి ‘ది లాంగ్ హాలోవీన్’. అందులో డెంట్, పోలీసు అధికారి గోర్డన్, బ్యాట్‌మన్ ముగ్గురూ ఫాల్కోనీ ముఠాను చట్టప్రకారమే కూలదోయాలని ఒట్టు పెట్టుకుంటారు. ఒక హాలోవీన్ నుంచి మరో హాలోవీన్ దాకా, పదమూడు సంచికల్లో, ఆ ఒట్టు డెంట్‌ను ఎలా తినేసిందో మనం చూస్తాం. చివరికి న్యాయస్థానంలోనే సాక్షి స్థానం నుంచి మరోనీ అనే ముఠా నాయకుడు అతని ముఖం మీద ఆమ్లం చల్లుతాడు.

మీరు న్యాయవిద్యార్థిని కనుక ఈ ఊహ మీకు నచ్చవచ్చు. రెండో భాగంలో ఎలియట్ కొడుకు పట్టుబడితే, అతని మీద కేసు నడపవలసిన అధికారి డెంటే అవుతాడు. ముద్దాయి ఎందుకు ఈ పనికి పూనుకున్నాడో కోర్టులో చెప్పాలంటే, థామస్ వేన్ నేరాన్ని రికార్డులోకి ఎక్కించాలి. బ్రూస్ అతనికి స్నేహితుడు, వేన్ పేరుతోనే నగర పునర్నిర్మాణం జరుగుతోంది, బయటపెట్టవద్దని పెద్దల ఒత్తిడి వస్తుంది. చట్టం ఒక వైపు, నగరం మేలు ఒక వైపు లాగుతుండగా, నిర్ణయం తీసుకోలేక డెంట్, టూ-ఫేస్‌కు గుర్తుగా నిలిచిన ఆ నాణేన్ని మొదటిసారి ఎగరేయాలి. ఆ నాణెం ఎటు పడిందో మనకు చూపించవచ్చు, చూపించకపోవచ్చు, అది దర్శకుడు మ్యాట్ రీవ్స్ ఇష్టం. ఆమ్లం పడే దృశ్యాన్ని మాత్రం మూడో భాగం మొదటి సగంలో ఉంచి, ఆ తరువాతి కథ మొత్తం టూ-ఫేస్‌కే ఇవ్వాలి.